‘పో’ అన్న మాట వెంబడి

హిందూపురం వెళ్ళొచ్చానని చెబితే మా కాకినాడలో అందరూ ఒకటే ప్రశ్న. “లేపాక్షి బసవన్నను చూశారా?” చూడలేదండీ. అంత దూరం పోయి, కూతవేటు దూరంలో ఉన్న లేపాక్షి చూడకుండా తిరిగొచ్చిన మొదటి మనిషిని నేనేనేమో. నేను వెళ్ళింది గుళ్ళూ గోపురాలూ చూడ్డానికి కాదు. ధర్మవరంలో నాకు భారతి అని ఒక స్నేహితురాలు ఉంది. ఉంది అనాలో, ఉండేది అనాలో తేల్చుకుందామని వెళ్ళాను. హిందూపురం, పెనుకొండ ఆ దారిలో ధైర్యం చాలక నేను దిగిపోయిన ఊళ్ళు.

భారతీ నేనూ ఉద్యోగాల తొలి రోజుల్లో తిరుపతిలో ఒకే హాస్టల్లో, ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఒక ఉదయం చెప్పాపెట్టకుండా నేను ఆ గది ఖాళీ చేసి వచ్చేశాను. తర్వాత ఉత్తరం ముక్క లేదు, ఫోను లేదు. జీవితంలో సగం అలా గడిచిపోయాక, మొన్న వేసవిలో ఎవరి దగ్గరో నంబరు సంపాదించి ఫోను చేసింది. “ఏం కామూ, బతికుండావా?” అంది. కామేశ్వరి అనే నా పేరును కామూ అని పిలిచిన మనిషి ఈ భూమ్మీద అదొక్కతే. అప్పట్నుంచీ వారం వారం చేస్తుంది. ఒకసారి రావే, ఒకసారి రావే అని ప్రాణం తీస్తుంది. చూద్దాంలే అంటాను.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే ఈ ప్రయాణం మీకు పిచ్చిదాని తిరుగుడులా కనిపిస్తుంది.

నాకు ఊహ తెలిసేసరికే అమ్మ లేదు. నాన్న నన్ను మేనత్త ఇంట్లో వదిలాడు. అత్తయ్య రాక్షసి కాదు. తిండి పెట్టింది, బడికి పంపింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది. కోపమొస్తే మాత్రం ఒకటే శిక్ష. పాలు ఒలకబోసినా, పళ్ళెం జారవిడిచినా, రెక్క పట్టుకుని గడప బయట నిలబెట్టేది. “పో. ఎక్కడికి పోతావో పో” అని తలుపేసి గడియ పెట్టేది. దీపాలు పెట్టే వేళ. నేను మెట్టు మీద కూర్చుని, మావయ్య మిల్లు నుంచి ఎప్పుడొస్తాడా అని వీధి చివరకు చూస్తూ ఉండేదాన్ని. ఆయనొచ్చి తలుపు కొడితే అత్తయ్య తీసేది. ఆ సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. నేను గబగబా నాలుగు ముద్దలు తిని పడుకునేదాన్ని.

ఆ మెట్టు మీద కూర్చుని నేను ఒక విద్య నేర్చాను. గొంతు మారిందంటే గడియ పడబోతోందని ముందే పసిగట్టడం. పసిగట్టి, ఎవరూ పొమ్మనకముందే నా అంతట నేనే వెళ్ళిపోవడం. చిన్నప్పుడు అది నన్ను కాపాడింది. పెద్దయ్యాక అదే నన్ను ఒంటరిదాన్ని చేసింది. స్టాఫ్‌రూములో ఎవరైనా “ఇవాళ చిరాగ్గా ఉందండీ” అంటే చాలు, నా మూలంగానే అనుకుని కుర్చీ జరుపుకుంటాను. రెండు నెలలు బాగా మాట్లాడిన మనిషి ఒక్కరోజు మొహం ముడుచుకుంటే, ఇక ఆ మనిషి ఎదురైతే సందు మార్చేస్తాను. మా పక్కవాటాలో సత్యవతిగారని ఒకావిడ ఉన్నారు. కూర చేసినప్పుడల్లా గిన్నెతో వస్తారు. గడప దగ్గరే అందుకుని, గిన్నె కడిగి గడప దగ్గరే ఇచ్చేస్తాను. ఇన్నేళ్ళలో ఆవిడ నా హాలెలా ఉంటుందో చూడలేదు. పాపం, ఆవిడ తప్పేం లేదు.

అలాంటిదాన్ని, మా కాలేజీ పిల్లల్ని సైన్సు పోటీలకని బెంగుళూరు తీసుకెళ్ళి, వాళ్ళను తోటి లెక్చరర్‌తో రైలెక్కించి, నేను మాత్రం ఇటు రైలెక్కాను. ఈ వారంలో వస్తానని భారతికి చెప్పాను. ఏ రోజో చెప్పలేదు. చెబితే వెనక్కి తిరగడానికి వీలుండదు కదా.

హిందూపురం

ధర్మవరం దాకా టిక్కెట్టు తీసుకుని హిందూపురంలో దిగిపోయానంటే నా ధైర్యం ఏపాటిదో మీకు అర్థమై ఉంటుంది. ఊరంతా చింతపండు, ఎండుమిర్చి, బెల్లం కలిసిన వాసన. బజారు వీధిలో అడుగుపెట్టగానే తుమ్ములు మొదలయ్యాయి. గోనెసంచుల మధ్యనుంచి ఒకాయన “కొత్తామెకు మా మిరపకాయ తగులుకుండాది” అని నవ్వాడు. ఒకే మనిషి ఒక వాక్యం తెలుగులో మొదలెట్టి కన్నడంలో ముగిస్తాడు. ఎదుటివాడు కన్నడంలో మొదలెట్టి తెలుగులో దిగుతాడు. ఇద్దరిలో ఎవరికీ తడబాటు లేదు. మా కాకినాడలో ఎవరైనా నోరు తెరిస్తే గోదావరికి ఈవలివాడా ఆవలివాడా అని ఆరా తీస్తాం.

ఆకలేసి ఒక చిన్న మెస్సులో కూర్చున్నాను. ముందు పొయ్యి, వెనక నాలుగు బల్లలు. యజమానురాలు, వంటమనిషి, వడ్డించేది అన్నీ ఒక్కావిడే. నుదుటిమీద రూపాయంత బొట్టు. ఏముందని అడిగితే ఉగ్గాని అంది. మనం సాయంత్రంపూట ఉల్లిపాయ ముక్కలు చల్లుకుని నములుతామే, ఆ మరమరాలనే వీళ్ళు బొరుగులంటారు. వాటిని తడిపి, నీళ్ళు పిండేసి, పోపు పెట్టి, పుట్నాలపొడి చల్లి పొద్దున్నే టిఫిను చేస్తారు. పక్కన పచ్చిమిరపకాయ బజ్జీ. డబ్బు ముందే ఇవ్వబోతే, “దుడ్లకేం తొందర, తిన్నాంక ఇద్దువులేమ్మా” అంది.

ఉగ్గాని అమృతంలా ఉంది. బజ్జీని చూస్తే మాత్రం గుండె జారింది. అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. ఆవిడ పొయ్యి దగ్గరనుంచే చూసి, గట్టిగా కేకేసింది.

“ఏం గాదు, తినుపో!”

నేను టక్కున లేచాను. సగం పళ్ళెం అలాగే వదిలేసి చేయి కడుక్కోవడానికి వెళ్ళాను.

“ఏమ్మా, ఎందుకు లేస్తివి? బాగలేదా?”

“పొమ్మన్నారుగా” అన్నాను.

మెస్సులో తింటున్నవాళ్ళంతా నావైపు తిరిగారు. ఆవిడ గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. “అయ్యో నా తల్లీ! నేనెప్పుడు పొమ్మంటి? తినుపో అంటి. తినమంటి!”

పక్కబల్ల మీద, చేతులకు చింతపండు మరకలున్న ఒక వ్యాపారి పొట్టపట్టుకుని నవ్వుతున్నాడు. “మా పక్క అంతేనమ్మా. పో అంటే పొమ్మని కాదు. ఊరికే తగిలిస్తాం. సరేపో, కానీపో, తినుపో, రాపో.”

“రా, పో రెండూ ఒకేసారా?”

“ఆఁ. రమ్మని గట్టిగా పిల్చాలంటే రాపో. మొగమాటపడాకు, రా అని.”

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వుతూనే మళ్ళీ కూర్చున్నాను. అప్పుడు తట్టింది. తట్టగానే చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

ఆ తిరుపతి సాయంత్రం. నేను పాలు కాచబోయి మరిచిపోయాను. పొంగి హీటరు మీద పడి, ఫ్యూజు పోయి, హాస్టలంతా చీకటైంది. హీటరు భారతిది కాబట్టి వార్డెను దాన్ని పట్టుకుని నానా మాటలూ అంది. భారతి తలనొప్పితో, కందిన మొహంతో గదిలోకొచ్చింది. పాలు ఒలకడం, ఎదుటి మనిషి మొహం మారడం. నాకింకేం కావాలి? “నేను వేరే గది చూసుకుంటాలే” అన్నాను. నిజానికి వద్దంటుందేమోనని అన్నాను. అది గోడవైపు తిరిగి పడుకుని, “ఉండ్లేపో” అంది.

నాకు చివరి అక్షరం ఒక్కటే వినిపించింది.

భారతి హాస్టల్లో తన ఊరి మాట మాట్లాడేది కాదు. అమ్మాయిలు మొదట్లోనే యాడ, ఈడ అని వెక్కిరించారని పుస్తకాల తెలుగు మాట్లాడేది. వాళ్ళ నాయనతో ఫోనులో తప్ప అసలు మాట బయటికొచ్చేది కాదు. ఆ సాయంత్రం తలనొప్పిలో జారింది. జారి జారి నా చెవినే పడింది.

“ఉండ్లేపో అంటే ఏమిటండీ?” అని మెస్సావిడను అడిగాను.

“ఏముండాది? ఉండమని. ఏం పర్వాలేదులే, ఈడే ఉండు అని.”

కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆవిడ నా మిరపకాయ బజ్జీ వైపు చూసి, “చూస్తివా, కారం తగిలింది” అని పరుగెత్తుకెళ్ళి ఇంత బెల్లంముక్క తెచ్చి చేతిలో పెట్టింది. బజ్జీ నేనింకా కొరకనే లేదు. ఆ మాట చెప్పకుండా బెల్లం నోట్లో వేసుకున్నాను.

పెనుకొండ

ఇది తెలిశాక రెక్కలు కట్టుకుని ధర్మవరంలో వాలతానని మీరనుకుంటారు. నాకు ఉన్న భయం రెట్టింపైంది. పొమ్మంది కాబట్టి వచ్చేశాను అని ఇన్నేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. దాని మీదే కాళ్ళు ఆన్చి నిలబడ్డాను. భారతి పొమ్మనలేదంటే, మరి నేనేం చేసినట్టు? ఆ మనిషి మొహం ఎలా చూడాలి? మర్నాడు పెనుకొండ బస్సెక్కాను. కోట చూద్దామని నాకు నేనే అబద్ధం చెప్పుకుని ఎక్కాను.

పెనుకొండ దారిలో షాపుల మీద తెలుగు, కన్నడం, ఇంగ్లీషు పక్కన గుండ్రాలూ గీతలూ ఉన్న అక్షరాలు కనిపించి ఇదేం భాషరా దేవుడా అనుకున్నాను. ఆటోవాలా చెప్పాడు. “కొరియావోళ్ళది మేడమ్. ఆడ కార్ల ఫ్యాక్టరీ ఉండాది గదా. వాళ్ళు గూడా ఇప్పుడు సంగటి తింటాండారు.” నిజమో కోతో నాకు తెలియదు. ఒకప్పుడు రాజులు ఎండాకాలం వచ్చి విడిది చేసిన ఊరట. ఇప్పుడు కొరియా వాళ్ళు వచ్చారు. ఊరు మాత్రం ఎవరొచ్చినా నాకేం అన్నట్టు కొండకింద తీరిగ్గా కూర్చునుంది.

కొండ ఎక్కడం మొదలెట్టిన కాసేపటికే నా చెప్పు తెగింది. పిన్నీసు పెట్టాను, పిన్నీసూ వంగింది. ఒక కాలికే చెప్పుతో కుంటుకుంటూ దిగి వస్తుంటే, కోటగోడ నీడలో ఇద్దరు ముసలమ్మలు ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్ముతున్నారు. ఒకరు ఇటు, ఒకరు అటు, చెరో బుట్టతో. మధ్యలో ఇద్దరు కూర్చునేంత ఖాళీ. ఇటు ఉన్న అవ్వ నన్ను పిలిచింది.

“కూచోపోమ్మా. కాలికేమాయ?”

ఈసారి నేను లేవలేదు. కూర్చున్నాను. దోసెడు కాయలు పొట్లం కట్టి, అడగకుండానే పిడికెడు కొసరేసింది. “ఒక్కదానివే వచ్చినావా? తోడెవురూ లేరా?” అంది. ఆ ఊళ్ళలో నన్ను అందరూ అడిగిన మాట అదే. ఆటోవాలా అడిగాడు, చెప్పులకొట్టాయన అడిగాడు. మావైపు ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని మర్యాదగా కాఫీ ఇస్తారు. ఇక్కడ మొహం మీదే అడుగుతారు. “లేరవ్వా” అన్నాను. అదోలా చూసి ఇంకో నాలుగు కాయలు పొట్లంలో వేసింది.

పక్కావిడ మీ చెల్లెలా అని అడిగాను. “చెల్లెలా? దాంతో నాకు మాటల్లేవు” అంది అవ్వ. పోయిన ఉగాదికి ఏదో అన్నదట. ఏమన్నదో చెప్పలేదు గానీ, మొండిదనీ, నోటి దురుసుదనీ ఆవిడ వినేటట్టే తిట్టింది. అటు ఉన్నావిడ కూడా నావైపు చూసి, “ఆయమ్మ కాయలు పుచ్చులుంటాయి, చూసి తినమ్మా” అంది. నాకు నవ్వాగలేదు. ఇంతలో ఆవిడ నీళ్ళకని లేచి వెళ్ళింది. ఆ కాసేపట్లోనే ఎవరో కుర్రజంట ఆవిడ బుట్ట దగ్గర ఆగారు. ఈ అవ్వ చటుక్కున జరిగి, ఆవిడ బుట్టలోంచే కొలిచిచ్చి, డబ్బు ఆవిడ గోనెపట్టా కింద పెట్టి, మళ్ళీ వచ్చి తన చోట కూర్చుంది.

“మాటల్లేవంటివే అవ్వా?” అన్నాను, వాళ్ళ యాస నాకూ అంటుకుని.

“మాటల్లేకుంటే? మనిషి లేదా?” అంది. ఇదేం ప్రశ్న అన్నట్టు నన్ను చూసి, శెనక్కాయల మీద ఈగలు తోలుకుంది.

నేను అక్కడే చాలాసేపు కూర్చున్నాను. మాటలు లేకుండా పోతే మనిషే ఉండదని నా లెక్క. గొంతు మారితే అయిపోయినట్టే. వీళ్ళు ఉగాదినుంచి కార్తీకం దాకా తిట్టుకుంటూ ఒకే గోడ నీడలో కూర్చోగలిగారు. నాకు కుళ్ళు పుట్టింది. నిజంగా చెబుతున్నాను, ఆ ఇద్దరు ముసలమ్మలను చూసి కుళ్ళుకున్నాను.

పెనుకొండ స్టేషన్లో

కొత్తగా కొన్న రబ్బరు చెప్పులతో స్టేషనుకు వచ్చాను. స్టేషను చిన్నది, గాలి పెద్దది. ప్లాట్‌ఫాం మీద నేనూ, ఒక కుక్కా. ధర్మవరం వెళ్ళే రైలు ఇంకా రాలేదు. బెంగుళూరు వెళ్ళే రైలు ముందొస్తోందని మైకులో చెప్పారు.

అప్పుడు నా ఒంటికి ఏమైందో చెప్పలేను. కాళ్ళు లేచి నిలబడ్డాయి, చేయి బ్యాగు అందుకుంది. బెంగుళూరు నుంచి కాకినాడకు నేరుగా బండి ఉంది. వెళ్ళిపోతే ఎవరూ ఏమీ అనరు. సెలవు దొరకలేదని భారతికి ఫోనులో చెప్పొచ్చు. అది సరేలే అంటుంది. వారం వారం చేసే ఫోను నెలకోసారి అవుతుంది, తర్వాత దసరాకీ దీపావళికీ అవుతుంది. నాకు తెలిసిన దారే. ఆ దారిలో నేను ఎంతమందిని దాటుకుని వచ్చానో! రైలొచ్చి ఆగింది. ఎదురుగా పెట్టె తలుపు. ఖాళీగా ఉంది కూడా.

ఫోను మోగింది.

“యాడుండావే?” భారతి.

అబద్ధం చెబుదామని నోరు తెరిచాను. “పెనుకొండలో” అన్నాను.

“పెనుకొండలోనా! ఓ యమ్మా! చెప్పకుండా వస్తాండావా? ఉండు, పితికిపప్పు జేస్తా. ఉడుకునీళ్ళలో గింజలు నానేస్తా. సంగటి తింటావు గదా? మీ గోదారోళ్ళకు దిగుతాదో దిగదో.” అని ఊపిరి తీసుకోకుండా మాట్లాడి, “బిన్నా రా” అని తొందరపెట్టి ఫోను పెట్టేసింది.

బెంగుళూరు రైలు కదిలిపోయింది. నేను బెంచీమీద కూర్చున్నాను. కుక్క వచ్చి నా కొత్త చెప్పులు వాసన చూసి వెళ్ళింది. ఎవరో నా కోసం గింజలు నానబెడుతున్నారన్న ఒక్క ముక్క పట్టుకుని అక్కడ కూర్చున్నాను.

ధర్మవరం

స్టేషను బయట ఒక లావుపాటి, సగం నెరిసిన జుట్టావిడ స్కూటీ మీద కూర్చుని ఎవరినో వెతుకుతోంది. నేను ఆమెను దాటి వెళ్ళిపోయాను. “ఓసి నీ! నన్నే మర్చిపోతివా?” అని వెనకనుంచి వినబడేదాకా అది భారతి అని పోల్చుకోలేకపోయాను. కావలించుకోలేదు, మాకు ఆ అలవాట్లు లేవు. నా చేతిలో బ్యాగు లాక్కుంది, అంతే. “ఇవేం చెప్పులే?” అంది.

ముందు చీరల కొట్టు, వెనక ఇల్లు. “మా ఇంటాయప్ప” అని భారతి చూపించిన వాళ్ళాయన రెండు చేతులూ జోడించి, రెండు మాటలు మాట్లాడి కొట్లోకి వెళ్ళిపోయాడు. ఇద్దరాడవాళ్ళను వాళ్ళ మానాన వదిలేయాలని తెలిసిన మనిషి. వెనక వీధిలో మగ్గాల చప్పుడు. ఆ ఊళ్ళో ఎక్కడ నిలబడినా అది వినబడుతూనే ఉంటుంది. మొదట తలనొప్పనిపిస్తుంది, తర్వాత ఆగితే తోచదు. పట్టుచీరలు మా ఊళ్ళోకన్నా చాలా చవక. ఒక్కటి కూడా కొనకుండా రావడం చూసి మా స్టాఫ్‌రూములో నన్ను మనిషిగా లెక్కెయ్యలేదు.

రాగి సంగటి ముద్దలో గుంట చేసి నెయ్యి పోసింది. అనపగింజల తొక్క తీసి చేసిన పితికిపప్పు, వేరుశెనగలు నూరి చేసిన ఊరిబిండి పచ్చడి. నమలకుండా మింగాలని దెప్పుతూ, నేర్పుతూ పెట్టింది. గొంతుకు అడ్డం పడి దగ్గాను, నెత్తి మీద కొట్టింది. దాని కూతురి చదువు, నా మోకాళ్ళ నొప్పి, దాని షుగరు, అన్నీ మాట్లాడుకున్నాం. ఆ ఒక్కటీ తప్ప.

పొద్దు వాలాక నేనే ఎత్తాను. “ఆ రోజు నువ్వు ఉండ్లేపో అన్నావు, గుర్తుందా?”

“ఏ రోజు?”

“పాలు పొంగి ఫ్యూజు పోయిన రోజు.”

దానికి పాలు గుర్తులేవు. ఫ్యూజు గుర్తులేదు. వార్డెను తిట్టింది కూడా గుర్తులేదు. “ఆయమ్మ దినామూ తిట్తాండె గదా” అంది. నేను ఇన్నేళ్ళు మోసిన మాట దానికి అన్నట్టే తెలియదు.

దానికి గుర్తున్నది వేరు. స్నానం చేసి వచ్చేసరికి నా మంచం ఖాళీగా ఉండటం. నా ట్రంకుపెట్టె ఉన్నచోట దుమ్ము నలుచదరంగా మిగలటం. తడి తలతోనే బస్టాండుకు పరుగెత్తి బస్సు బస్సూ ఎక్కి దిగటం.

“హాస్టల్లో వాళ్ళంతా ఏమన్యారో తెలుసునా? నీ మాటతీరు పడకనే పోయిందిలే, మొరటు మాటలు ఎవరు భరిస్తారూ అన్యారు. నేను గూడా అదే అనుకుంటి. ఆపొద్దుటి నుంచి నోరు తెరవాలంటే సిగ్గు. నీ తర్వాత ఎవురితోనూ గది పంచుకోలే. ఒక్కదాన్నే ఉంటి.”

“నువ్వు పొమ్మన్నావనుకున్నాను” అన్నాను. అత్తయ్యది, మెట్టుది, గడియది అంతా చెప్పాను. ఎవరికీ చెప్పని సంగతి. అయ్యో పాపం అంటుందనుకున్నాను. అదేమో మొహం ఎర్రగా చేసుకుని లేచింది.

“ఒక్క మాట అడగచ్చు గదా? పొమ్మంటివా అని ఒక్క మాట!”

“అడిగితే అవునంటావేమోనని.”

“అంటే, నేను మీ అత్తనా?” అంది. గొంతు పగిలింది. విసురుగా లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. గడియ పడింది.

మెట్టు మీద

ఆ చప్పుడు అదే. ఏ ఊళ్ళో పడినా గడియ చప్పుడు ఒకటే.

నేనేం ఆలోచించలేదు. బ్యాగు తీసుకున్నాను, రబ్బరు చెప్పులు తొడుక్కున్నాను, కొట్టు పక్కనున్న వీధి గుమ్మం దాటి బయటికొచ్చాను. దీపాలు పెట్టే వేళే. స్టేషను దారి తిన్నగా కనిపిస్తోంది. మెట్టు దిగితే చాలు. ఆ మెట్టు దిగడం నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు.

ధైర్యమొచ్చి ఆగానని చెప్పను. చిన్నప్పటిలాగే మెట్టు మీద కూర్చుండిపోయాను. చలిగాలి. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. ఏడుపొస్తోంది, ఎవరి మీద కోపమో తెలియడం లేదు. ఈసారి తలుపు కొట్టడానికి మావయ్య రాడు కదా అని ఒక పిచ్చి ఆలోచన. యాభైకి దగ్గరపడిన మనిషికి రావలసిన ఆలోచనేనా అది?

ఎవరో ఒకావిడ చీర మడత చంకలో పెట్టుకుని వచ్చింది. “భారతక్క లేదా?”

“ఉంది. లోపలుంది.”

“మీరెవురు?”

చుట్టాన్ని అనొచ్చు. చీరలకొచ్చాననొచ్చు. “తన స్నేహితురాల్ని” అన్నాను. ఆ మాట నా నోటివెంట పైకి రావడం నేనెప్పుడూ వినలేదు. ఆవిడ తలూపి, మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిపోయింది. ఆమెకది ఏమంత విశేషం?

లోపల్నుంచి అడుగుల చప్పుడు. హడావుడిగా అటూ ఇటూ తిరుగుతున్నారు. తలుపు ధడాలున తెరుచుకుంది. భారతి. కళ్ళు వాచిపోయి, కొంగు జారిపోయి, చేతిలో స్కూటీ తాళాలు. నన్ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

“ఈడుండావా! బాత్రూము చూస్తి, మిద్దె పైన చూస్తి. మళ్ళీ పోతివేమో అనుకుంటి. స్టేషనుకు వస్తాంటి.”

నేను బ్యాగును నా వెనక్కి జరిపాను.

“చలికి ఎందుకు కూచున్నావే ఈడ?” అంది. వంగి నా బ్యాగు అందుకుంది. “లోపలికి రాపో.”

లేచి వెళ్ళాను.

అంతా సరైపోయిందని కథ చెప్పను. మర్నాడు పొద్దున్న వంటింట్లో గిన్నె గట్టిగా చప్పుడైతే నేను బట్టలు మడతపెట్టుకుంటున్నాను. భారతి చూసి, “గిన్నె జారిందే తల్లీ, గిన్నె!” అని అరిచింది. ఉన్న రెండు రోజుల్లోనూ ఇలా చాలాసార్లు అయ్యింది. కానీ అది ప్రతిసారీ అరిచింది. స్టేషనులో రైలు కదిలేటప్పుడు, జీవితంలో మొదటిసారి ఒక స్నేహితురాలికి చెప్పి బయల్దేరాను. “వస్తానే” అన్నాను. “పోయిరాపో” అంది. అందులో రెండు పోలు ఉన్నాయి. రెండూ నన్నేమీ చెయ్యలేదు.

కాకినాడ

ఇంటికొచ్చి తాళం తీస్తే రోజుల తరబడి మూసిపెట్టిన గాలి. మంచం, కుర్చీ, ఒక కంచం. ఇన్నాళ్ళూ ప్రశాంతం అనుకున్నదాని పేరు అది కాదని గుమ్మంలో నిలబడగానే తెలిసిపోయింది.

కాసేపటికి సత్యవతిగారు వచ్చారు. పనసపొట్టు కూర గిన్నె. ఎప్పట్లాగే గడపకు అవతలే ఆగి చేయి చాపారు. అలవాటు కొద్దీ నేనూ చేయి చాపాను. తర్వాత ఏమనుకున్నానో, ఒక అడుగు వెనక్కి వేసి దారి ఇచ్చాను.

“లోపలికి రాపో” అన్నాను.

ఆవిడ మొహం పాలిపోయింది. గిన్నె రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నారు. “ఏమిటండీ, రమ్మంటున్నారా పొమ్మంటున్నారా?”

“రమ్మంటున్నానండీ” అన్నాను.

ఆవిడ చెప్పులు విడిచారు.